చర్మమునకు వలసవచ్చు కణములు

సుంకేసుల ఆనకట్ట వద్ద తుంగభద్రను విడిచి, నల్లరేగడి పొలముల మీదుగా కడప వఱకు సాగు కర్నూలు–కడప కాలువ గట్ల మీదను, రైలుకట్టల ప్రక్కలను, ఊరి బయటి బీళ్ళయందును, వానలు పడిన కొలదికాలమునకే నడుమెత్తు పెరిగి, తెల్లని చిన్న పూలతో కన్నులకు ఇంపుగా తోచు మొక్క యొకటి కలదు. దానికి మనవారు పెట్టిన పేరు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి యనియు పిలుతురు. అమెరికా ఖండములకు చెందిన ఈ మొక్క మన దేశమున 1950ల నడుమ పూనా పరిసరములలో గుర్తింపబడి, అనతికాలములోనే దక్కను పీఠభూమి నంతను ఆక్రమించినది. దిగుమతి గోధుమలతో కలిసి వచ్చినదని జనశ్రుతి. 2000లో అనంతపురం జిల్లా వేరుసెనగ పంటను కాండము మాడ్చి చంపిన వైరసు తెగులు దీని పుప్పొడి నాశ్రయించియే పొలమునుండి పొలమునకు ప్రాకినది. ఈ మొక్క మాత్రము ఆ వైరసును మోయుచును ఏ రోగచిహ్నమును చూపక పచ్చగా నిలిచినది.

పంటకు చేసిన కీడు అటుండగా, మనుష్యుల చర్మమునకు ఇది చేయు కీడే మన ప్రస్తుత విషయము. ఏండ్ల తరబడి ఆ మొక్కను పెఱికి, దాని నడుమ నడిచి, గాలిలో లేచిన దాని ఎండుపొడి ముఖమున పడగా తుడుచుకొనుచు సేద్యము చేసిన రైతులలో కొందఱికి, నడివయస్సు వచ్చునప్పటికి, కనుఱెప్పలు ఉబ్బి, మెడమడతలును మోచేతి లోమడతలును ఎఱ్ఱబారి, దురద పుట్టి, రసి కారి, క్రమముగా ఆ చోట చర్మము మందమై నల్లబడును. మొదట ఋతువునుబట్టి వచ్చి తగ్గు ఈ వ్యాధి కొన్నియేండ్లకు ఋతుభేదము పాటింపక నిలిచిపోవును. దీనికి కారణము పార్థెనిన్ అను రసాయనము. అది చర్మములోని ప్రోటీనులతో బంధము కల్పించుకొని, శరీరము తన సొంత ప్రోటీనునే పరాయిదిగా భావించునట్లు చేయును. ఇల్లు కట్టు తాపీమేస్త్రీల చేతులకు వచ్చు చర్మవ్యాధికి మూలమైన, సిమెంటులో లేశమాత్రముగా నుండు క్రోమియము చేయు పనియు ఇదియే. అది ఆకులోని రసాయనము, ఇది లోహము. శరీరములో రెండును నడచు దారి యొక్కటే.

ఇచట ఒక చిక్కు ప్రశ్న యుదయించును. పార్థెనిన్‌ను గుర్తుపట్టగల టి-కణములు, అనగా లింఫోసైట్లలో ఒక జాతి తెల్లకణములు, రక్తముతో దేహమంతట తిరుగుచుండగా, పేగులలోనో ఊపిరితిత్తులలోనో దిగక, చర్మముననే, అందును వ్యాధి యున్న చోటనే దిగుటకు కారణమేమి? కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములలో, కుటుంబములకు కుటుంబములే సుగ్గికి, అనగా కోతల పనికి, వలస పోవుట పరిపాటి. గుంటూరు మిరపకోతలకు పోవు ఆ జనము దిక్కు తెలియక బయలుదేరరు. మేస్త్రీ కబురుపంపిన ఊరు, దిగవలసిన స్టేషను, కోయవలసిన చేను ముందే తెలిసియుండును. పని తీరగనే మఱలుదురు. కొందఱు మాత్రము అచటనే గుడిసె వేసికొని నిలిచిపోవుదురు. టి-కణముల వలసయు అట్టిదే. ఈ అధ్యాయమున చెప్పదలచిన రోగములన్నియు ఆ వలసలో కబురు, దిగుట, మఱలుట అను మూడింటిలో ఏదో యొకటి తప్పుటవలన కలిగినవే.

చంకలలోను గజ్జలలోను మెడలోను ఉండి చర్మమునుండి లింఫును గ్రహించు గ్రంథులలో, పార్థెనిన్ తగిలిన ప్రోటీను ముక్కను చూచి మేల్కొన్న టి-కణము, ఆ గ్రంథిలోనే చర్మపు చిరునామాను గూడ పొందును. పి.ఎస్.జి.ఎల్-1 అను ప్రోటీను దాని ఉపరితలము మీద ముందే యుండును. దానికి ఒక విశేషమైన చక్కెర గొలుసు తగిలింపబడగనే అది సి.ఎల్.ఏ అను పేర చర్మమునకు దారిచూపు గుర్తుగా మాఱును. పేగులకు చేరువనున్న గ్రంథులలో మేల్కొన్న కణమునకు మఱియొక గుర్తు లభించును; ఎ-విటమినునుండి పుట్టిన ఆమ్లము ఆ గుర్తును మొలిపించి, దానిని పేగులకే పంపును. ఇంకను చిత్రమేమనగా, ఎండ తగిలిన చర్మములో తయారగు డి-విటమిను, రోగనిరోధక కణములచేత చురుకైన రూపమునకు మార్పబడి, టి-కణము మీద సి.సి.ఆర్-10 అను గ్రాహకమును పుట్టించునని 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున యూజీన్ బుచ్చర్ బృందము చూపినది. చర్మపు పైపొర విడుచు ఒక రసాయన సంకేతమును ఈ గ్రాహకము పసికట్టును. కడప ఎండను తిట్టనివాడు లేడు గాని, ఆ ఎండ మన తెల్లకణములకు చర్మము దారి చూపుచున్నదని తెలిసినప్పుడు నాకు దానిపై కొంత గౌరవము కలిగినమాట నిజము.

చిరునామా తెలిసిన మాత్రమున పని తీరదు. రక్తము వడిగా ప్రవహించుచుండగా అందులోని కణము ఒక చోట నిలిచి, గోడను దాటి, వెలికి పోవుట ఎట్లు? 1867లో జర్మన్ వైద్యశాస్త్రజ్ఞుడు జూలియస్ కోన్‌హైమ్, సజీవమైన కప్ప యొక్క పలుచని పొరలను సూక్ష్మదర్శిని క్రింద పఱచి, శోథము పుట్టిన చోట తెల్లకణములు రక్తనాళపు గోడ నంటి నిలిచి, పిమ్మట ఆ గోడను దూరి వెలుపలికి పోవుటను వర్ణించెను. ఎఱుపు, వాపు, వేడి, నొప్పి అని ప్రాచీనులు చెప్పిన శోథలక్షణముల వెనుక నున్న ఈ కణసంచారమును ఆయన కన్నులార చూచెను గాని, దానికి అణువుల భాషలో వివరణము దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

ఆ వివరణము క్లుప్తముగా ఇది. శోథము పుట్టిన చోట రక్తనాళముల లోపొర ఇ-సెలెక్టిన్ అను అణువును పైకి తెచ్చును. 1987లో వర్ణింపబడిన ఈ అణువు, చర్మములోని సన్నని సిరలలో, వాపు లేనప్పుడు గూడ కొద్దిగా నుండుట విశేషము. టి-కణము మీది సి.ఎల్.ఏ దీనిని పట్టును. ఆ పట్టు గట్టిది కాదు, పట్టి విడుచుచు, విడిచి పట్టుచు, కణమును గోడవెంట దొర్లించును. దొర్లుచున్న కణమునకు గోడమీది రసాయన సంకేతములు తగిలినంతనే, దానిపై ముడుచుకొనియున్న ఇంటెగ్రిన్ జాతి అణువులు నిటారుగా విప్పుకొనును. వీనిలో ముఖ్యమైనది ఎల్.ఎఫ్.ఏ-1, అది గోడమీది ఐకామ్-1 అను అణువును పట్టును. ఈ ఐకామ్-1ను 1986లో తిమోతి స్ప్రింగర్ ప్రయోగశాల గుర్తించినది. వి.ఎల్.ఏ-4 అను మఱియొక ఇంటెగ్రిన్ వికామ్-1 అను అణువును పట్టును. ఈ పట్టు పడినపిమ్మట కణము ఇక దొర్లదు. నిలిచి, పలుచనై, గోడకణముల నడుమనుండి దూరిపోవును. ఇట్లు కణమును కణము పట్టుకొనుటకు ఉపకరించు వీనినన్నిటిని సంశ్లేషకాణువులని పిలువవచ్చును.

ఇంతవఱకు రక్తనాళపు గోడ మాట. చర్మపు పైపొరలోని కెరటినోసైటు కణములు సామాన్యముగా ఐకామ్-1ను ధరింపవు. చర్మములోనికి చేరిన టి-కణములు విడుచు గామా-ఇంటర్‌ఫెరాన్ సోకగనే ధరించును. అంతట టి-కణములు పైపొరలో గూడ నిలువ నేర్చును. నిలిచినవి మఱింత ఇంటర్‌ఫెరాన్ విడుచును. దానివలన ఐకామ్-1 మఱింత పెరుగును. వయ్యారిభామ సోకిన రైతు మెడమీద గాని, సోరియాసిస్ ఉన్నవాని మోచేతిమీద గాని, ఒకమాఱు రగిలిన వ్యాధి కారణము తొలగినను వెంటనే ఆఱకపోవుటకు గల హేతువులలో ఈ చక్రమొకటి.

ఈ పట్టు లేకున్న మేలు గదా యని ఎవరైన తలంపవచ్చును. ప్రకృతియే అప్పుడప్పుడు ఆ ప్రయోగము చేసి చూపుచున్నది. ఎల్.ఎఫ్.ఏ-1లో ఒక భాగమైన సి.డి.18 అను ప్రోటీనునకు సంబంధించిన జన్యువు తల్లి పక్షమునను తండ్రి పక్షమునను రెండును చెడినపుడు పుట్టు శిశువునకు, వారము రెండు వారములలో ఊడవలసిన బొడ్డు నెల గడచినను ఊడకుండుట తఱచు మొదటి సూచన. ఆ బిడ్డ రక్తములో తెల్లకణములు మితిమీరి యుండును, కాని గాయము వద్దకు అవి దాదాపు చేరజాలవు. పుండు పడును గాని చీము పట్టదు. రెండు వైపులనుండియు చెడిన జన్యువు వచ్చిననే కలుగు రోగము గనుక, మేనఱికములును మేనమామ సంబంధములును ఇప్పటికిని నడచు మన సీమలో శిశువైద్యులు బొడ్డు సంగతి అడుగుట వ్యర్థము కాదు.

పని తీరినపిమ్మట మఱలిపోక నిలిచిపోవు కణముల సంగతి ఇటీవల గాని సరిగా తెలియలేదు. 2006లో బోస్టన్ నగరమున రేచెల్ క్లార్క్, ఆమె సహచరులు వేసిన లెక్క ప్రకారము, ఆరోగ్యవంతుడైన మనుష్యుని చర్మములో సుమారు రెండువేల కోట్ల టి-కణములు నిలిచియున్నవి. ఇవి రక్తములో తిరుగు టి-కణములకు దాదాపు రెట్టింపు. వీనిలో పలుకణములు సి.డి.103 అను సంశ్లేషకాణువును ధరించి, కెరటినోసైట్లు తమలో తాము పట్టుకొనుటకు వాడు ఇ-కాడెరిన్ అను అణువునే ఆశ్రయించి నిలుచును. ఒకమాఱు మానిన సోరియాసిస్ మచ్చ మఱల సరిగా ఆ చోటనే లేచుటకు ఇవియే కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చికిత్స పొంది చర్మము శుభ్రమైన పిమ్మట వయ్యారిభామ పొలములో మఱల అడుగిడినవానికి, పూర్వపు చోట్లనే గంటలలో దురద మొదలగుటయు ఇట్టిదే కావచ్చును.

ఇక లింఫోమా, అనగా లింఫోసైట్ల క్యాన్సరు. 1806లో పారిస్‌లో జాన్-లూయీ అలిబేర్ అను వైద్యుడు, చర్మముమీద పుట్టగొడుగుల ఆకారమున కంతులు లేచిన ఒక రోగిని వర్ణించి, పిమ్మట ఆ వ్యాధికి మైకోసిస్ ఫంగాయిడిస్ అని పేరిడెను. పేరునుబట్టి బూజు జాతి రోగమని భ్రమ కలుగును గాని అది కేవలము ఆకారమును చూచి పెట్టిన పేరు. వాస్తవమునకు ఇది చర్మములో నివసించు టి-కణమొకటి క్యాన్సరుగా మాఱి, తన సంతతితో చర్మమును నింపుట. 1870లో బాజిన్ అనునతడు దీని నడకను మూడు దశలుగా చెప్పెను: మొదట మచ్చలు, పిమ్మట దళసరి పట్టీలు, కడపట కంతులు. మచ్చల దశ ఏండ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు దశాబ్దముల తరబడి సాగును. ఆ దశ దాటని వారే అధికము.

మన సీమలో ఈ మొదటి దశను గుర్తించుట మఱింత క్లిష్టము. చామనచాయ చర్మము మీద, ముఖ్యముగా పిల్లలలోను యువకులలోను, ఈ మచ్చ ఎఱ్ఱగా కాక తెల్లగా పాలిపోయి కనబడుట కలదు. తెల్లమచ్చను చూచిన ఇంటివారు శోభి యనుకొందురు, లేదా బొల్లి యని దిగులుపడుదురు. వైద్యుడు మొదట శంకించునది కుష్ఠు, మన పల్లెల మాటలో పెద్దరోగము. శంకింపవలసినదియు అదియే, ఏలయన మన దేశమున అది ఎంతయో ఎక్కువ. కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని హోదాను పోగొట్టుకొన్న 1956లోనే పుట్టిన కర్నూలు వైద్యకళాశాల ఆసుపత్రిలో గాని, 2006లో కడపలో ఆరంభమైన రిమ్స్‌లో గాని, చర్మవ్యాధుల విభాగమున ఇట్టి మచ్చను చూచు వైద్యుడు మొదట దూదితోను సూదితోను స్పర్శ పరీక్షించును. స్పర్శ చెక్కుచెదరక, మందులకు లొంగక, నడుము క్రిందను పిఱుదులమీదను ఎండ సోకని చోట్ల మచ్చలు పెరుగుచుండినచో, చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూడవలసియుండును. మఱియొక వైపునుండి చూచినను చిక్కే: వయ్యారిభామ వలన ముఖము దళసరియై, మడతలు పడి, దీర్ఘకాలము నిలిచిన శోథము, పైకి మాత్రమే గాక సూక్ష్మదర్శిని క్రింద గూడ ఒక్కొక్కప్పుడు లింఫోమాను పోలును.

ఆ పోలికకు కారణము ఇప్పుడు పాఠకునికి తోచియుండును. క్యాన్సరుగా మాఱిన టి-కణము క్రొత్త పట్టులను కనిపెట్టలేదు, సి.ఎల్.ఏ అదియే, ఎల్.ఎఫ్.ఏ-1 అదియే. దానిచుట్టు నున్న కెరటినోసైట్లు ఐకామ్-1ను ధరించుటయు శోథములో వలెనే. సి.డి.103, ఇ-కాడెరినుల పట్టుచేతనే అది పైపొరలోనికి ఎక్కి, అచట గుంపులు గుంపులుగా చేరి, పోత్రియే పేరిట పిలువబడు చిన్న గూళ్ళను ఏర్పఱచును. భేదమంతయు ఇందులో నున్నది: శోథములో వచ్చినవారు వేఱువేఱు వంశములవారు, కబురు ఆగినపుడు చాలమంది చత్తురు లేదా మఱలుదురు, లింఫోమాలో వచ్చినవారందఱు ఒకే తల్లి సంతతి, కబురుతో వారికి పని లేదు. కావున ఐకామ్-1కు రంగువేసి చూచినంతమాత్రమున రోగమిదియని తేల్చుట సాధ్యము కాదు, రెండింటిలోను రంగు పట్టును. వైద్యులు టి-కణములు ధరించు గ్రాహకముల జన్యువులను పరీక్షించి అన్నియు ఒకే అచ్చున నున్నవా యని చూచెదరు; అదియు మొదటి దశలో తేలక, ఆఱునెలలకో ఏడాదికో మఱల ముక్క తీయవలసివచ్చుట సామాన్యము. మాటిమాటికి కోయుచున్నారని రోగి విసుగుకొనుట సహజమే. కాని మొదటి ముక్క చెప్పలేని దానిని చెప్పినట్లు నటింపని వైద్యుడే నా దృష్టిలో నమ్మదగినవాడు.

కంతుల దశలో చిత్రము మాఱును. కణములు పైపొరను విడిచి లోపొరలోనికి దిగును. పైపొరలోని కెరటినోసైట్ల మీద ఐకామ్-1 తగ్గినదని పరిశీలనలు చెప్పుచున్నవి. చర్మము పట్టును వదలిన కణము చర్మపు అవసరము లేకయే బ్రదుక నేర్చినదన్నమాట. లింఫు గ్రంథులకును లోపలి అవయవములకును ప్రాకు ప్రమాదము అప్పుడే హెచ్చు.

ఈ పట్టులను మందులతో విడిపింపవచ్చునను ఆశ పుట్టుట సహజము. ఎల్.ఎఫ్.ఏ-1ను కప్పివేయు ఎఫాలిజుమాబ్ అను ప్రతిరక్షకము 2003లో అమెరికాలో సోరియాసిస్‌కు అనుమతి పొందినది, చర్మము బాగుపడినది. కాని టి-కణములు చర్మమునకు మాత్రమే పోవునవి కావు, మెదడును గూడ అవి కాపాడుచుండవలెను. ఆ కాపలా తగ్గిన కొందఱిలో, నిద్రాణముగా నుండు జె.సి. వైరసు మేల్కొని మెదడును ధ్వంసము చేయగా, 2009లో మందు మార్కెట్టునుండి ఉపసంహరింపబడినది. మనకు సమీపమున బెంగళూరులో బయోకాన్ సంస్థ క్యూబా శాస్త్రజ్ఞులతో కలిసి తయారుచేసిన ఇటోలిజుమాబ్ మఱియొక దారి త్రొక్కినది. అది టి-కణము మీది సి.డి.6ను పట్టి, అల్కామ్ అను సంశ్లేషకాణువుతో దాని సంబంధమును చెఱచును. 2013లో మన దేశమున సోరియాసిస్‌కు అది అనుమతి పొందినది. ఇట్టి ఇంజెక్షన్ల వెల సామాన్య రైతుకు అందునది కాదు.

అతనికి అందునది పాత బిళ్ళయే. భీమవరమున 1895లో జన్మించి, అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడపి, 1948లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున, ఫోలికామ్లమునకు ప్రతికూలముగా పనిచేయునట్లు తయారైన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. రక్తక్యాన్సరునకు ఉద్దేశింపబడిన ఆ జాతి మందులు సోరియాసిస్‌ను గూడ తగ్గించునని 1951లో తెలిసినది. నేడు వారమున కొకమాఱు మింగు ఆ మందు సోరియాసిస్‌కును, మైకోసిస్ ఫంగాయిడిస్‌కును, మొండిపట్టిన వయ్యారిభామ శోథమునకును వాడబడుచున్నది. రోజు రోజు మింగుట ప్రాణాపాయకరము గనుక వారమున కొకమాఱు అను మాట రోగికి గట్టిగా చెప్పవలెను. అది కణవిభజనను అడ్డుకొని పనిచేయునని మాత్రమే చిరకాలము తలంచిరి. 2004లో ఐస్‌లాండు పరిశోధకులు, ఆ మందు తిన్న సోరియాసిస్ రోగుల చర్మములో ఇ-సెలెక్టిన్, సి.ఎల్.ఏ రెండును గణనీయముగా తగ్గినవని చూపిరి. కణమునకు చిరునామాయు దిగుచోటును రెండును చెఱచు మందు మన చేతిలో అర్ధశతాబ్దము ముందే యున్నదని దీనివలన తేలినది. బొల్లికి ఆయుర్వేదము వాడిన బావంచాల నుండి లభించు సొరాలెన్‌ను ఇచ్చి, అతినీలలోహిత కిరణములు సోకించు చికిత్స 1970ల నుండి సోరియాసిస్, మైకోసిస్ ఫంగాయిడిస్ రెండింటికిని నడచుచున్నది. ఆ కిరణములు చర్మములోని టి-కణములను చంపుటయే గాక, కెరటినోసైట్లు ఐకామ్-1 ధరించుటను గూడ కొంత నిరోధించును.

క్యాన్సరు కణములన్నియు చర్మముననే నిలుచునవి కావు. 1938లో ఆల్బెర్ సెజరీ వర్ణించిన రకములో, ఒడలెల్ల ఎఱ్ఱబారి పొట్టు రాలుచుండగా, క్యాన్సరు కణములు రక్తములోను గ్రంథులలోను తిరుగుచుండును. చాలకాలము దీనిని మైకోసిస్ ఫంగాయిడిస్ ముదిరిన రూపముగా భావించిరి. 2010లో బోస్టన్ బృందము రెండింటి కణములమీది అణువులను పోల్చి చూచి, సెజరీ కణములు గ్రంథులలో ప్రవేశించుటకు కావలసిన ఎల్-సెలెక్టిన్, సి.సి.ఆర్-7 అనువానిని ధరించి దేహమంతట తిరుగు జాతి టి-కణములనియు, మైకోసిస్ ఫంగాయిడిస్ కణములు అవి లేని, చర్మముననే గుడిసె వేసికొన్న జాతివనియు తేల్చినది. రెండేండ్లకు ఆలెంటుజుమాబ్ అను ప్రతిరక్షకము ఈ భేదమును మఱింత స్పష్టము చేసినది. కొద్ది మోతాదులో అది రక్తములో తిరుగు టి-కణముల నన్నిటిని నిర్మూలించి సెజరీ రోగుల చర్మమును శుభ్రపఱచినది. చర్మమున నిలిచియున్న టి-కణములను మాత్రము తాకలేదు, ఏలయన దాని పనికి తోడ్పడు న్యూట్రోఫిల్ కణములు రక్తములోనే గాని చర్మములో సామాన్యముగా నుండవు. అందువలననే ఆ రోగులు, రక్తములో టి-కణము లేకయు, అంటురోగములకు అంతగా లోనుగాలేదు. అందువలననే మైకోసిస్ ఫంగాయిడిస్ మచ్చలు అదే మందునకు లొంగలేదు.